సూది ఇచ్చిన గడువు



ఈ బ్లాగులో నా వ్రాత కనబడి ఏడు నెలలు దాటింది. "పంతులుగారు అలిగారా, అలసిపోయారా?" అని ఇద్దరు ముగ్గురు మిత్రులు జాబులు వ్రాశారు. రెండూ కావు. నా కుడిచేయి నా మాట వినడం మానివేసింది. ముప్పదియేండ్లకు పైగా నల్లబల్లమీద సుద్దముక్కతో గురులఘువులు గుర్తించిన చేయి అది. ఉద్యోగ విరమణ తరువాత నా పట్టుదలకు లొంగి ఈ కీబోర్డుకు కూడ అలవాటు పడింది. అటువంటిది ఒకనాటి రాత్రి రెండు గంటల వేళ నన్ను నిద్ర లేపింది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు నావి కానట్లు తోచాయి. చేతిని మంచం అంచునుండి క్రిందికి వ్రేలాడదీసి, తడిగుడ్డను జాడించినట్లు జాడిస్తే కాసేపటికి ప్రాణం వచ్చింది. మరునాడూ అదే వేళకు అదే తంతు. పది రోజులు గడిచేసరికి మా ఇంటావిడకు కూడ నిద్ర కరవైంది.

ఈ జబ్బు పేరు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. దీనికి వేసే సూదులను గూర్చి, వాటి తారతమ్యాన్ని గూర్చి నాకు తెలిసినంత చెప్పి, నా అభిప్రాయాన్ని మీ ముందుంచడమే ఈ టపా ఉద్దేశం. నేను వైద్యుణ్ణి కాను, భాషాప్రవీణ చదివిన తెలుగు పండితుణ్ణి. కాని ఈ వ్యవహారంలో మొదటి పొరపాటు మందుతో జరగలేదు, మాటతో జరిగింది. కాబట్టి నాకూ కొంత అధికారం ఉన్నదనుకొంటాను.

మన వాడుకలో "నరం" అన్న ఒక్కమాట ఎన్ని బరువులు మోస్తున్నదో గమనించారా? స్పర్శను మెదడుకు మోసేదీ నరమే, నెత్తురు పారే గొట్టమూ నరమే, వ్రేళ్ళను ముడిచే కండరపు త్రాడూ నరమే. చేయి బెణికితే "నరం పట్టింది" అంటాము. చేతికి గ్లూకోసు ఎక్కిస్తే "నరానికి సూది వేశారు" అంటాము. అక్కడ సూది వెళ్ళినది రక్తనాళంలోకి. మణికట్టు జబ్బులో సూది వెళ్ళవలసినది నిజమైన నరం ప్రక్కకు మాత్రమే. నరంలోకే దిగితే ఉపకారానికి బదులు అపకారం జరుగుతుంది. అక్కడికీ ఇక్కడికీ ఎడం మిల్లీమీటర్లలో ఉంటుంది. "నరానికి సూది" అని మనం ఇంత తేలికగా అనే మాటలో అంత ప్రమాదం దాగి ఉన్నది.

సంస్కృతంలో మణిబంధం, తెలుగులో మణికట్టు. మణులు కట్టుకొనే చోటని పేరు పెట్టిన పూర్వులు చర్మంపైని అలంకారాన్ని చూశారు. లోపల ఉన్నది ఇరుకు సందు. అడుగున చిన్న ఎముకల వరుస, పైన గట్టి పట్టీ. ఆ నడుమ వ్రేళ్ళను ముడిచే తొమ్మిది కండరపు త్రాళ్ళు, వాటితోపాటు మీడియన్ నరం ఒక్కటి. త్రాళ్ళచుట్టూ ఉన్న పొర ఉబ్బినా, మణికట్టు ఎక్కువసేపు వంగి ఉన్నా నలిగేది ఆ నరమే. నిద్రలో మనం తెలియకుండా చేయి ముడుచుకొంటాము గనుక బాధ రాత్రిపూట లేస్తుంది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగం ఈ నరం పాలివి. చిటికెనవ్రేలు వేరొక నరానిది. కావున చిటికెనవ్రేలికి తిమ్మిరి ఉన్నదా లేదా అన్న చిన్న ప్రశ్న పెద్ద దారి చూపుతుంది.

ఆ దారి చూపే మాటలు మన భాషలో కావలసినన్ని ఉన్నాయి. నొప్పి వేరు, సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, తిమ్మిరి వేరు, మొద్దుబారడం వేరు. చీమలు ప్రాకినట్లుండడం మరొకటి. మా చదువురాని అవ్వలు ఈ భేదాలను నిఘంటువుకన్న నిక్కచ్చిగా పలుకుతారు. వినేవారు మాత్రం అన్నింటినీ "నొప్పి" అన్న ఒక్క గంపలో పోసి, నొప్పి సూది వేసి పంపుతారు.

మా మర్రిపాడు ప్రాంతంలో ఈ గంపకు ఇంకొక కారణం కూడ ఉన్నది. ఉదయగిరి తాలూకా అంటేనే ఫ్లోరైడు నీళ్ళు గుర్తుకు వస్తాయి. ఎముకలను వంచే ఆ వ్యాధిని మన దేశంలో మొదట వర్ణించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్, ఆయన సహచరులు ఆ సంగతిని వైద్యపత్రికలో ప్రకటించారు. ఆ కష్టం నిజం, అందులో సందేహం లేదు. కాని దాని నీడలో తక్కిన కష్టాలు కనబడకుండా పోతున్నాయి. కీలు నొచ్చినా నీళ్ళే, నడుము పట్టినా నీళ్ళే, వ్రేళ్ళు మొద్దుబారినా నీళ్ళే అనుకొని ఊరుకొంటాము. డి.సి.పల్లి వేలం కేంద్రానికి చేరే పొగాకు వెనుక ఎందరు స్త్రీల చేతులున్నాయో, ఆకు కోసి, కర్రలకు కట్టి, గ్రేడు చేయడంలో ఆ మణికట్లు ఎన్నివేల మారులు తిరుగుతాయో ఎవరు లెక్కించారు? ఉదయగిరిలో కొయ్యను చెక్కి గరిటెలు, చెంచాలు తీర్చే పనివారి పిడికిళ్ళు రోజుకు ఎన్ని గంటలు బిగిసి ఉంటాయో ఎవరు అడిగారు? బలంగా పట్టి పదేపదే త్రిప్పే పనులకు ఈ జబ్బుతో చుట్టరికం ఉన్నది. ఇది స్త్రీలలో ఎక్కువ. మధుమేహం, థైరాయిడు మాంద్యం, గర్భం, కీళ్ళవాతం ఉన్నవారిలో మరింత ఎక్కువ.

నా వద్ద ఎనిమిదవ తరగతిలో చదువుకొన్న ఒక అమ్మాయి ఉన్నది. అమ్మాయి అంటున్నాను గాని, ఇప్పుడామెకు నలుబది దాటాయి. పొగాకు పనికి వెళుతుంది. ఒకనాడు ఆసుపత్రి కాగితాలు చదివించుకోవడానికి మా ఇంటికి వచ్చింది. "నొప్పి కాదు అయ్యవారూ, మొద్దుబారిపోతా ఉండాది. రవిక గుండీ పెట్టుకొనేదానికి గూడా పట్టు దొరకడంలా" అన్నది. అరచేయి చూపించమన్నాను. బొటనవ్రేలి మొదట నిండుగా ఉండవలసిన కండ గుంటపడి ఉన్నది. అడుగగా తెలిసినదేమంటే, పదునాలుగు నెలలలో ఒకే చోట మూడు మారులు ఆమె మణికట్టుకు సూది వేశారు. వేసిన ప్రతిమారూ రెండు మూడు నెలలు హాయిగా ఉన్నది. హాయిగా ఉన్నది గనుక పనికి వెళ్ళింది. మూడింటిలో ఒక్కదాని పేరైనా కాగితంమీద లేదు. నరం ఎంత దెబ్బతిన్నదో చూచే పరీక్ష ఒక్కమారైనా జరుగలేదు.

ఆ సూది ఆమె కండను తినివేసిందని నేను అనడం లేదు. నరం నలుగుతూనే ఉన్నది, బాధ మాత్రం మూతపడింది. మూత క్రింద ఏమి జరుగుతున్నదో ఎవరూ తెరచి చూడలేదు. అంతే.

ఆ రోజునుండి నేను చదవడం మొదలుపెట్టాను. నాకు అర్థమైనంతలో ఇప్పుడు వాడుకలో ఉన్న సూదులు ముఖ్యంగా మూడు విధాలు.

మొదటిది స్టిరాయిడు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ గాని, ట్రయామ్సినొలోన్ గాని వాడతారు. కార్టిజోన్‌తో కీళ్ళవాతం రోగులు లేచి నడచిన వింతకు హెంచ్, కెండల్, రైక్‌స్టైన్‌లకు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వంశానికి చెందిన మందులే ఇవి. ఒక చిన్న ముచ్చట: ట్రయామ్సినొలోన్‌ను 1950లలో వెలుగులోకి తెచ్చిన సంస్థలలో లెడర్లె ఒకటి. అంతకుముందు 1948లో కన్నుమూసేదాకా అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించినవారు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఈ సూది పనిచేస్తుందా అంటే పనిచేస్తుంది. ఎంతకాలం అన్నదే ప్రశ్న. బ్రిటన్‌లో 234 మందిపై జరిగిన పరీక్ష 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సగం మందికి 20 మిల్లీగ్రాముల స్టిరాయిడు సూది ఒక్కటి వేశారు, తక్కినవారికి రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టారు. ఆరు వారాలకు సూది గెలిచింది. ఆరు నెలలకు ఇద్దరూ సమానమయ్యారు. స్వీడన్‌లో పట్టీతో గుణం కనబడని 111 మందిపై జరిగిన పరీక్ష 2013లో వెలువడింది. పది వారాలకు సూది వేయించుకొన్నవారు బాగున్నారు. కాని ఏడాది తిరిగేసరికి, ఉత్తుత్తి సూది వేసినవారిలో నూటికి 92 మంది, 40 మిల్లీగ్రాముల వారిలో 81 మంది, 80 మిల్లీగ్రాముల వారిలో 73 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నారు. ఈ అంకెలను రెండు విధాలుగా చదవవచ్చు. సూదివల్ల కొందరికి కత్తి తప్పిందన్నది ఒకటి. ఎక్కువమందికి తప్పలేదన్నది రెండవది. రెండూ నిజమే. మొదటిది మాత్రమే చెప్పేవారి వద్ద జాగ్రత్తగా ఉండాలి.

స్టిరాయిడుతో చిక్కులు లేకపోలేదు. సూది వేసినచోట చర్మం తెల్లబడవచ్చు, పలుచబడవచ్చు. మధుమేహం ఉన్నవారికి కొన్ని దినాలు చక్కెర పెరుగుతుంది. ఈ జబ్బు మధుమేహులకే ఎక్కువ వస్తుంది గనుక ఈ మాట ముందుగా చెప్పడం వైద్యుని ధర్మం, అడగడం మన ధర్మం.

రెండవది డెక్స్‌ట్రోస్. అనగా గ్లూకోసే. నీరసమంటే మన పల్లెల్లో ఎక్కించే గ్లూకోసు సీసాలో ఉండే 5 శాతం ద్రావణమే ఇది. అల్ట్రాసౌండు తెరమీద నరాన్ని చూస్తూ, దాని చుట్టూ ఈ ద్రావణాన్ని పోస్తారు. అతుక్కొన్న పొరలనుండి నరం విడివడుతుందని ఒక ఊహ, ద్రావణానికే నరాన్ని శాంతింపజేసే గుణం ఉన్నదని మరొక ఊహ. తైవాన్‌లో 54 మందిపై జరిగిన పరీక్ష 2018లో వచ్చింది. స్టిరాయిడుతో పోల్చగా, నాలుగవ నెలనుండి ఆరవ నెలవరకు డెక్స్‌ట్రోస్‌దే పైచేయి అయింది. దీనివల్ల స్టిరాయిడు చిక్కులు లేవు, మందు ఖరీదు స్వల్పం. వినడానికి ఎంతో బాగున్నది. కాని పేరుపొందిన పరీక్షలు చిన్నవి, వాటిలో పలుమటుకు ఆ దేశం నుండి వచ్చినవే. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి. అక్కడ మందు చౌకే గాని, తెరమీద నరాన్ని గుర్తుపట్టగల చేయి చౌక కాదు. "గ్లూకోసే గదా, మేమూ వేస్తాము" అని ఎవరైనా తెర లేకుండా సూది ఎత్తితే, దండం పెట్టి బయటికి రావడం మంచిది.

మూడవది పి.ఆర్.పి. మన నెత్తురునే తీసి, గిరగిర త్రిప్పి, ప్లేట్‌లెట్ కణాలు దట్టంగా ఉన్న భాగాన్ని వేరుచేసి నరం ప్రక్కన వేస్తారు. తైవాన్‌లోనే 60 మందిపై జరిగిన పరీక్షలో, ఆరు నెలలకు పట్టీకన్న ఇది మేలనిపించింది. ఆశ ఉన్నది, అనుభవం చాలదు. తయారుచేసే పద్ధతి ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉంటుంది, ఖర్చు మూడింటిలోకి ఎక్కువ. "మీ రక్తమే మీకు మందు" అన్న వాక్యం చెవికి ఇంపుగా ఉంటుంది. శబ్దాలంకారం ప్రమాణం కాదని పాఠం చెప్పినవాణ్ణి గనుక చెబుతున్నాను.

ఇక ఈ మూడింటికీ ఆవల నిలిచినది శస్త్రచికిత్స. పైనున్న గట్టి పట్టీని కోసి నరానికి చోటు కల్పించడం. నెదర్లాండ్స్‌లో 934 మందిపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 2025లో లాన్సెట్‌లో వచ్చింది. మొదటే శస్త్రచికిత్సతో ఆరంభించినవారిలో పదునెనిమిది నెలలకు నూటికి 61 మంది కోలుకొన్నారు. స్టిరాయిడు సూదితో ఆరంభించి, అవసరమైతే తరువాతి చికిత్సలకు వెళ్ళినవారిలో 45 మంది కోలుకొన్నారు. సూదినుండి మొదలుపెట్టడమే సర్వత్ర ఉత్తమమని ఇక అనలేము. అయితే 45 అన్నది సున్న కాదు. కత్తి లేకుండానే బాగుపడినవారు వారిలో ఉన్నారు.

"అటువంటప్పుడు సూదులన్నీ దండుగేనా? నేరుగా కత్తికే వెళ్ళాలా?" అని మీరడగవచ్చు. నేనట్లా అనను. గర్భిణికి ప్రసవమయ్యాక ఈ బాధ తరచుగా తగ్గిపోతుంది. ఆమెకు పట్టీయో, మరీ అవసరమైతే సూదియో చాలు. పొగాకు పని నడుమ ఉన్న కూలితల్లికి చేయి కట్టుకొని ఇంట కూర్చోవడమంటే ఏడాది తిండి పోగొట్టుకోవడమే. ఆమెకు సూది ఆ పనికాలాన్ని దాటించే పడవ. తిమ్మిరి వచ్చిపోతూ ఉన్నవారికి, కండ చెక్కుచెదరనివారికి ఒక సూది వేసి చూడడంలో తప్పులేదు. తప్పెక్కడ ఉన్నదంటే, పడవనే ఇల్లనుకోవడంలో ఉన్నది.

నా నిశ్చితాభిప్రాయం ఇది: ఈ జబ్బులో సూది ఇచ్చేది గడువు. ఏ సూది మంచిదన్న వాదం అప్పు ఎవరి వద్ద తెస్తే వడ్డీ తక్కువన్న వాదం వంటిది. అవసరమైన వాదమే. కాని గడువు తీరేలోగా ఏమి చేయాలన్నది అంతకన్న పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్న వేయకుండా సూది వేసేవారూ, వేయించుకొనేవారూ ఇద్దరూ బాధ్యులే.

"ఇద్దరూ" అన్నాను గనుక నా సంగతి దాచడం న్యాయం కాదు. నరాల పరీక్షలో నాది మధ్యస్థమని తేలింది. ఆరు వారాలు రాత్రిపూట పట్టీ కట్టుకొన్నాను, సగం గుణం కనబడింది. తరువాత నెల్లూరు వెళ్ళి, తెరమీద చూస్తూ స్టిరాయిడు సూది వేయించుకొన్నాను. మందు పేరు, మోతాదు కాగితంమీద వ్రాయించుకొన్నాను. ఐదు రోజులు చక్కెర పెరిగింది, మరల దిగింది. పదవ రోజునుండి తెల్లవారేదాకా నిద్రపోయాను. మూడు నెలలకు తిరిగి రమ్మన్నారు. నేను వెళ్ళలేదు.

ఏమి చేశానో తెలుసునా? మా నాయనగారి చివికిపోయిన నోటుపుస్తకాలను ముందు వేసుకొని, రోజుకు మూడు నాలుగు గంటలు కలంతో తిరుగవ్రాశాను. చేయి బాగున్నది గదా! బ్లాగును ప్రక్కన పెట్టినది కూడ ఆ ధ్యాసలోనే. ఐదు నెలలు నిండకుండానే నడిమివ్రేలి కొసన చీమలు మరల ప్రాకాయి. పొగాకు పనికి వెళ్ళిన ఆ అమ్మాయికి కడుపుకూటి కారణమైనా ఉన్నది. చదువుకొన్నవాణ్ణని చెప్పుకొనే నాకు అదీ లేదు. ఆమె చేసిన పొరపాటునే నేను అక్షరం పొల్లుపోకుండా చేశాను.

అందుచేత ఇకమీద సూది వేయించుకొనే ఎవరైనా నాలుగు ప్రశ్నలు అడగాలని నా విన్నపం. ఇది నరం నలుగుడే అని ఏ పరీక్షతో నిశ్చయించారు? మెడ దగ్గర నరం నలిగినా, మధుమేహంతో నరాలు చెడినా చేతికి తిమ్మిరి వస్తుంది. సూదిలో ఉన్న మందు పేరేమిటి, మోతాదెంత? కాగితంమీద వ్రాసి ఇవ్వాలి. సూది మొన ఎక్కడున్నదో తెరమీద చూస్తారా, లేక చేతి అంచనాతో వేస్తారా? అనుభవజ్ఞుల చేతి అంచనా కూడ తక్కువది కాదు, అయితే ఆ అనుభవం ఉన్నదా అని అడగవచ్చు. చివరిది, అన్నింటికన్న పెద్దది: ఈ గుణం తగ్గిపోతే తరువాతి అడుగేమిటి, ఎప్పుడు? ఈ నాలుగింటికీ తెలుగులో జవాబు చెప్పగలవారి వద్దనే చేయి చాపండి. అదే సమయంలో మనమూ "నొప్పి" అని ఊరుకోకుండా, తిమ్మిరి ఏ వ్రేళ్ళకు, ఏ వేళకు, చేయి జాడిస్తే తగ్గుతుందా అన్నది విడమరచి చెప్పాలి. తిమ్మిరి రాత్రీపగలూ వదలకుండా నిలిచినా, వస్తువులు చేతినుండి జారుతున్నా, బొటనవ్రేలి మొదటి కండ తగ్గినా ఇక సూదులు లెక్కించవద్దు. శస్త్రచికిత్స చేసే వైద్యుని చూడాలి.

ఆ అమ్మాయికి శస్త్రచికిత్స జరిగింది. రాత్రులు లేవడం ఆగింది. వ్రేళ్ళకు స్పర్శ కొంత తిరిగి వచ్చింది. బొటనవ్రేలి మొదటి గుంట మాత్రం పూడలేదు. గుండీల రవికలు మాని హుక్కులవి కుట్టించుకొన్నానని మొన్న నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

నాకు వచ్చే నెల పదునొకండవ తేదీ ఇచ్చారు. రెండవ సూదికి అవకాశం ఉన్నదని వైద్యుడు చెప్పాడు. వద్దన్నాను. కండ ఇంకా నిండుగా ఉన్నది. అది ఉండగానే నరానికి చోటు కల్పించడం మేలని నా లెక్క. లెక్క తప్పవచ్చు, అయితే ఈమారు తేదీ మరచిపోను. మా ఇంటావిడ గోడ క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెట్టింది.

ఈ టపాను నాలుగు రోజులలో, వ్రేళ్ళకు నడుమ నడుమ విశ్రాంతినిస్తూ టైపు చేశాను. అచ్చుతప్పులుంటే మన్నించండి. మీలో ఎవరికైనా ఈ సూదుల అనుభవం ఉంటే, ఏ మందు, ఎన్ని నెలల గుణం, తరువాత ఏమి చేశారు అన్నవి మూడూ తప్పక వ్రాయండి. మూడవదానికి జవాబు లేనివారు వ్యాఖ్యకంటె ముందు వైద్యునికి కబురు పెట్టండి.

స్వస్తి.